గెరాండ్ బూడిద ఉప్పు: డబ్బుకు తగ్గ సరుకేనా?

ఫ్రాన్స్ పడమటి తీరపు గెరాండ్ ఉప్పు ఇది. పొట్లం విప్పితే రంగు బూడిద, చేతికి తడి. పాడైందని కంగారు పడక్కర్లేదు. అక్కడ మడుల అడుగు బంకమన్ను, రంగు దానిదే. తీసిన ఉప్పును కడగరు, అందుకే తడీ మెగ్నీషియం లవణాలూ కొంత మిగులుతాయి.

లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీరు మడి నుంచి మడికి పారుతూ చిక్కబడి, 25 డిగ్రీల బామే (ఉప్పునీటి చిక్కదనాన్ని కొలిచే కొలమానం) దాటాక గింజ కడుతుంది. మన శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లోనూ సూత్రం ఇదే. 30 దాకా వదిలేస్తే మెగ్నీషియం పేరుకుని ఉప్పు చేదెక్కుతుంది. గెరాండ్‌లో పొడవాటి కర్ర పారతో, అడుగు మన్ను రేగకుండా గింజను లాగుతారు. పొడిగాలి వీచినప్పుడు నీటిపై కట్టే పలుచని తెట్టును విడిగా తీస్తారు. అదే ఫ్లర్ ద సెల్; ధర చాలా ఎక్కువ.

పప్పులో, పులుసులో వేస్తే దండగ, కరిగాక తేడా తెలియదు. కోసిన మామిడికాయ ముక్కల మీదో, వేపిన చేప మీదో చివర్లో చల్లితే పంటి కింద కరకరలాడుతుంది. బూడిద రకాన్ని ఉప్పు నలిపే చేతి స్టీలు మిల్లులో వేయొద్దు, తడికి పట్టేసి తుప్పు పడుతుంది. రోట్లో నలపండి. ఆవకాయకైతే మన రాళ్ల ఉప్పే నయం. ఇదే వాడాలనుకుంటే ఎండబెట్టి, గిద్దతో కాక తూకంతో వేయండి. అయోడిన్ కలపని సరుకు కాబట్టి రోజువారీ వంటకు ఇదొక్కటే పెట్టుకోవద్దు.