ఆరేళ్ళ ఎయిర్ స్టిల్: సారాకి సగం మార్కులే, వాసనకి మాత్రం నూటికి తొంభై

మా గరాజ్‌లో వాషింగ్ మెషిన్ పక్కన బల్ల మీదున్న స్టీలు డబ్బాని చూసి ఇంటికొచ్చినవాళ్ళు వాటర్ ఫిల్టర్ అనుకుంటారు. మరీ తప్పేం కాదు. డిస్టిల్డ్ వాటర్ తీసే చిన్న యంత్రాలు ఉంటాయి చూడండి, ఇది వాటికి సొంత తమ్ముడు. నాలుగు లీటర్లు పట్టే స్టీలు గిన్నె, అడుగున దాదాపు 350 వాట్ల హీటరు, పైన బరువైన మూత. మూతలో చుట్టలు తిరిగిన సన్న గొట్టం, దాని మీద ఒక ఫ్యాను. గిన్నెలో లేచిన ఆవిరి గొట్టంలోకి ఎక్కి, ఫ్యాను గాలికి చల్లబడి, ముక్కులోంచి బొట్టు బొట్టుగా దిగుతుంది. స్టిల్ అంటే బట్టీ యంత్రం; చన్నీళ్ళ పైపుతో పనిలేదు, గాలే చల్లబరుస్తుంది కాబట్టి ఎయిర్ స్టిల్ అన్నారు. 2019 చివర్లో కొన్నాను. లెక్క రాసుకున్న నోట్‌బుక్ ప్రకారం ఇప్పటికి నూట అరవై సార్లు నడిపాను. అంత వాడాక చెప్తున్న మాటలివి.

ముందు ఒక విషయం. నేనుండేది న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌లో. ఇక్కడ సొంతానికి వాడుకునేంత మద్యం ఇంట్లో బట్టీ పెట్టుకోవడం 1996 నుంచి చట్టబద్ధం. అమ్మితే నేరం. అదే 1996లో మన ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం నడుస్తోంది. ఇప్పుడు ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా నిషేధం లేకపోవచ్చు గానీ ఇంట్లో బట్టీ పెడితే ఎక్సైజ్ కేసే, గిన్నె స్టీలుదా మట్టిదా అని ఎవరూ అడగరు. పక్కనే ఉన్న ఆస్ట్రేలియాలో కూడా లైసెన్సు లేకుండా సారా కాయకూడదు. కాబట్టి ఇది చదివి ఎవరూ గుంటూరుకి ఆర్డర్ పెట్టకండి.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మాకు పక్క ఊరి కథ. మా ఊళ్ళో సారా దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. అలాంటి మనిషికి ఈ యంత్రం సంగతి ఫోన్లో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. విని కాసేపు పలకలేదు. తర్వాత అంది: "ఏరా, దాంట్లో ఓమ వాటర్ వస్తుందా?"

ఆ మాటకి మళ్ళీ వస్తాను. ముందు యంత్రం.

దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఒకటి, పంచదార ఊటని కాచి సారా తీయడం. రెండు, తీసిన సారాలో ఆకులూ గింజలూ వేసి, మళ్ళీ కాచి వాటి వాసన పట్టడం. పెట్టె మీద బొమ్మ మొదటిదాని గురించి ఉంటుంది. ఈ యంత్రం నిజంగా పనికొచ్చేది రెండోదానికి. ఇది తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నరా, బోలెడు పంచదారా ఖర్చయ్యాయి.

ఊట సంగతి చూడండి. పాతిక లీటర్ల బకెట్‌లో ఆరు కిలోల పంచదార, గోరువెచ్చని నీళ్ళు, ఈస్టు. మన పేపర్లో "బెల్లం ఊట ధ్వంసం" అని వస్తుంటుందే, అదే ఇది, కాకపోతే బెల్లం బదులు పంచదార. వారం పదిరోజుల్లో బుడగలు ఆగిపోతాయి. లీటరుకు 17 గ్రాముల పంచదార ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది కాబట్టి 14 శాతం దాకా వస్తుంది. గిన్నె పట్టేది నాలుగు లీటర్లే. అంటే ఆరు విడతలు కాచాలి, విడతకి రెండున్నర గంటలు. ఒక వారాంతం మొత్తం ఫ్యాను రొదలో పోతుంది.

పోనీ వచ్చింది బాగుంటుందా అంటే, అంతంతమాత్రం. హీటరుకి ఒకటే వేగం, తగ్గించడానికి మీటా లేదు, ఆవిరి ఎంత వేడి మీద ఉందో చూపించే ముల్లూ లేదు. ఆల్కహాల్ మరిగేది 78.4 డిగ్రీల దగ్గర. దానికంటే ముందు మరిగేవి మొదట వస్తాయి, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటు వాటిదే. చివర్లో వచ్చేవాటికి తడిసిన అట్టపెట్టె కంపు. నిలువు స్తంభంలా ఉండే పెద్ద స్టిల్స్‌లో వీటిని విడదీయడం సులువు. ఇందులో మాత్రం ఒకదాని మీద ఇంకొకటి పడుతూ వస్తాయి. మొదటి 50 మిల్లీలీటర్లు పారబోసి, చివరిది పక్కన పెట్టి, మధ్యదాన్ని బొగ్గు ఫిల్టర్‌లోంచి దించి, నీళ్ళు కలిపి మళ్ళీ ఒకసారి కాస్తే అప్పుడు శుభ్రపడుతుంది.

మొదటి చుక్కలు పారబోస్తే విషం పోతుందని చాలామంది నమ్మకం. పంచదార ఊటలో మిథనాల్ దాదాపు పుట్టదు. కల్తీసారా చావుల్లో సాధారణంగా జరిగేది ఎవరో ఫ్యాక్టరీ మిథనాల్ తెచ్చి కలపడం. అలా కలిపినదాన్ని ఇలాంటి గిన్నెలో కాచినా బాగుపడదు. అందుకే ఎక్కడిదో తెలియని స్పిరిట్‌ని, దుకాణంలో దొరికే మిథిలేటెడ్ స్పిరిట్‌ని ఈ గిన్నె దరిదాపులకి కూడా రానివ్వకూడదు.

ఇక రెండో పని. దీని దగ్గర ఈ డబ్బా వేరే మనిషైపోతుంది. పాత్ర చిన్నది, మంట నిదానం, అడుగు మాడదు. స్తంభం లేకపోవడం ఇక్కడ లాభం, ఎందుకంటే మనకి కావలసిన వాసన కూడా ఆవిరితోపాటు నేరుగా పైకొస్తుంది.

నేను ఎక్కువసార్లు చేసేది జిన్, అంటే జునిపర్ వాసన పట్టిన సారా. రెండు లీటర్ల శుభ్రమైన సారా, నీళ్ళు కలిపి 40 శాతానికి దించింది. అంతకంటే ఘాటుగా ఉన్నదాన్ని ఇందులో పోయకూడదు, నిప్పుతో ఆట అది. అందులో జునిపర్ కాయలు 35 గ్రాములు, ధనియాలు 15, ఏంజెలికా వేరు రెండు గ్రాములు, రెండు ఏలకులు, గోరంత దాల్చిన చెక్క, తెల్లభాగం లేకుండా గీసిన ఒక నిమ్మకాయ తొక్క. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే కాస్తాను. మొదటి 30 మిల్లీలీటర్లు పక్కకి. తర్వాత 900 దాకా పట్టుకుంటాను.

జునిపర్‌ని కాయ అంటున్నాం గానీ అది కాయ కాదు, దేవదారులా శంకువులు కాసే చెట్టుకి వచ్చే శంకువే, రేకులు కండపట్టి కలిసిపోయి గుండ్రంగా కనిపిస్తుంది. వేలి మధ్య నలిపితే జిగురు. జిన్ తెలియని తెలుగువాడికి దాని వాసన ఎలా ఉంటుందో చెప్పమంటే గుగ్గిలం, నిమ్మాకు కలిపి నలిపినట్టు అంటాను. ధనియాలు మాత్రం మనవే, కానీ కాచినప్పుడు సాంబారు గుర్తు రాదు. పూలవాసన, కొంచెం నారింజ. ఇరవై ఏళ్ళుగా నూనెలో వేయిస్తున్న గింజలో ఇది దాక్కుని ఉందా అనిపిస్తుంది.

ఎప్పుడు ఆపాలి అన్నది అసలు విద్య. నేను నాలుగు చిన్న గాజు గ్లాసులు వరుసగా పెట్టుకుని మార్చుతూ ఉంటాను. ప్రతి గ్లాసులోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది వాసన చూస్తాను. మొదటిది నిమ్మ. తర్వాత జునిపర్ ముక్కు పైదాకా ఎక్కుతుంది. ఆ తర్వాత ధనియాలు, కొంచెం మట్టివాసనతో ఏంజెలికా వేరు. ఉన్నట్టుండి ఒక చుక్కలో ఉడికిన ఆకు వాసన తగులుతుంది, అన్నం గంజిలో కొత్తిమీర వేసి మరిచిపోయినట్టు. అక్కడ స్విచ్ ఆపేయాలి. ఇంకో వంద మిల్లీలీటర్లు వస్తుంది కదా అని కక్కుర్తి పడితే మొత్తం సీసా చెడుతుంది. నేను పడ్డాను, ఐదారుసార్లు.

ఇక్కడి మొక్కల్లో నా మనసు దోచుకున్నది కవాకవా. మిరియాలదీ తమలపాకుదీ ఒకే జాతి, ఇది కూడా అదే. ఆకు అచ్చం తమలపాకులా హృదయాకారంలో ఉంటుంది, నిండా పురుగు తిన్న చిల్లులు. చిల్లులున్న ఆకే మందుకి మంచిదని ఇక్కడి ఆదివాసులైన మావోరీలు చెప్తారు. నర్సరీలో మొక్క కొని పెరట్లో నీడలో పెట్టాను. అడవిలోంచీ పార్కుల్లోంచీ కోసుకురావడం సరైన పని కాదు. ఒక జులై పొద్దున్న, బయట గడ్డి మీద మంచు, ఆరు ఆకులు నీడన ఆరబెట్టి ఆవిరి బుట్టలో వేసి కాచాను. రెండో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి గరాజంతా పెళ్ళింట్లో తాంబూలం పళ్ళెం మూత తీసినట్టు అయింది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి "ఎవరొచ్చారు?" అంది.

ఆవిరి బుట్ట అన్నాను కదా. మూతకీ సారాకీ మధ్య వేలాడే చిల్లుల గిన్నె అది. విడిగా కొనుక్కోవాలి, కొనండి. ఎండు గింజలు, వేర్లు సారాలో నానొచ్చు గానీ పచ్చి ఆకులు మాత్రం మరిగే సారాలో ఉంటే ఉడికిపోతాయి. కరివేపాకుతో ఈ పాఠం నేర్చుకున్నాను. కిటికీ దగ్గర కుండీలో బతిమాలి పెంచిన చెట్టు నుంచి నాలుగు రెబ్బలు కోసి సారాలో పడేస్తే వచ్చింది పాత చారు వాసన. అవే రెబ్బలు బుట్టలో వేస్తే తాలింపుకి ముందు వేళ్ళ మధ్య తుంచినప్పటి వాసన వచ్చింది.

అన్నీ ఇలా లొంగవు. వట్టివేళ్ళ మీద చాలా ఆశలు పెట్టుకున్నాను. చిన్నప్పుడు ఎండాకాలం కుండలో వేసిన నీళ్ళ రుచి సీసాలో దొరుకుతుందని. ఏమీ రాలేదు. దాని నూనె బరువైనది, పైకి రావడానికి గంటలు గంటలు పడుతుంది, మనం గంటన్నరకి ఆపేస్తాం. దాన్ని కాచకుండా, తయారైన సారా సీసాలో రెండు వట్టివేళ్ళు మూడు రోజులు ఉంచి తీస్తే సరిపోయింది, లేత గడ్డి రంగుతో సహా. ఇక్కడి హోరోపీటో ఆకు నమిలితే మిరపకాయలా మండుతుంది. కాస్తే వాసన వస్తుంది, మంట గిన్నెలోనే ఉండిపోతుంది.

అనాసపువ్వు విషయంలో రెండు మాటలు. మొదటిసారి మూడు పువ్వులు వేశాను. వచ్చిన సారా అద్దంలా ఉంది. 42 శాతానికి దించుదామని నీళ్ళు పోస్తుంటే, సీసా అడుగు నుంచి పొగమంచు లేచినట్టు తెల్లబడి, ఐదు క్షణాల్లో మజ్జిగతేట అయింది. ఆల్కహాల్ తగ్గితే దాని నూనె ఇక కరిగి ఉండలేదు, చిన్నచిన్న బిందువులుగా బయటపడుతుంది. చెడిపోవడం కాదు, తాగొచ్చు. కానీ ఆ వాసన మూత కింద సిలికాన్ రబ్బరుకి పట్టుకుని తర్వాతి మూడు జిన్‌లలో బిరియానీలా పలకరించింది. ఇప్పుడు సోంపు, అనాసపువ్వుల కోసం వేరే రబ్బరు పెట్టుకున్నాను.

వస కొమ్ము వేయబోయి ఆగాను. మన ఇళ్ళలో పసిపిల్లలకి అరగదీసి పెట్టేదే కదా అనుకున్నాను. కానీ అమెరికాలో 1968 నుంచే దాన్ని తినే పదార్థాల్లో నిషేధించారు. సారా నూనెల్ని లాగినట్టు నీళ్ళు లాగవు, అమ్మమ్మ అరగదీసిన గంధంతో దీన్ని పోల్చకూడదు. ఇక్కడి తుటు మొక్క అయితే తాకొద్దు, అది ప్రాణం తీసే విషం. మొక్క పేరు గట్టిగా తెలియకపోతే గిన్నెలో వేయకూడదు, అంతే.

యంత్రం మీద నా పెద్ద ఫిర్యాదు ఫ్యాను. మూడో ఏడు, ఒక శనివారం మధ్యాహ్నం. రోజూ వినే రొద కొంచెం బొంగురుపోయింది, పట్టించుకోలేదు. కాసేపటికి ముక్కులోంచి బొట్లకు బదులు సన్నటి ఆవిరి. గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలింది. ఫ్యాను ఆగిపోయింది, హీటరు మాత్రం కాస్తూనే ఉంది. అంటే గరాజ్‌లోకి వస్తున్నది మండే ఆవిరి. గోడ స్విచ్ జోలికి పోకుండా పెద్ద తలుపు చేత్తో ఎత్తి, ఇంట్లోకి వెళ్ళి మెయిన్ బోర్డులో కరెంటు తీసేశాను. తర్వాత పది నిమిషాలు పచ్చికలో కూర్చున్నాను, కాళ్ళు వణుకుతుంటే. ఫ్యాను ఆగితే హీటరు తనంతట ఆగేలా చేయడం అంత కష్టమైన పనా? అమ్మిన దుకాణంవాళ్ళు వారంటీ అయిపోయింది, మూత కొత్తది కొనుక్కోమన్నారు. కొన్నాను. అప్పట్నుంచి తలుపు తెరిచి ఉంటేనే నడుపుతాను, వదిలి కదలను, పక్కన మంట ఉండదు, మంటలార్పే సిలిండరు గోడకి ఉంటుంది.

మిగతావి చిన్నవే. ఆరు నెలలకోసారి నిమ్మ ఉప్పు వేసిన నీళ్ళు మరిగిస్తే గిన్నె మెరుస్తుంది. ఆల్కహాల్ కొలిచే గాజుపుల్ల 20 డిగ్రీల దగ్గరే నిజం చెప్తుంది, చలికాలం గరాజ్‌లో అబద్ధమాడుతుంది. అరలీటరు అచ్చమైన ఆల్కహాల్, అరలీటరు నీళ్ళు కలిపితే లీటరు రాదు, ముప్ఫై మిల్లీలీటర్ల పైన తగ్గుతుంది. ఎవరో తాగేశారని ఇంట్లోవాళ్ళని అనుమానించకండి. కలిపిన జిన్‌ని రెండు వారాలు ఊరకే ఉంచండి, మొదటిరోజు ఘాటు చూసి తిట్టుకోకండి.

చవగ్గా తాగుదామని కొనేవాళ్ళకి ఇది వద్దు. పంచదార, బొగ్గు, కరెంటు, వారాంతాలు కలుపుకుంటే మిగిలేది తక్కువ. ఊటే కాయాలంటే స్తంభమున్న పెద్దది కొనండి. నేనిప్పుడు ఊట కాయడం మానేశాను. పెద్ద స్టిల్ ఉన్న స్నేహితుడి ఇంట్లో ఏడాదికి రెండుసార్లు ఇద్దరం కలిసి కాచుకుని, నా వంతు తెచ్చుకుని దీంట్లో ఆకులు వేసుకుంటున్నాను.

2023లో అమ్మ వచ్చింది. వచ్చిన మూడోరోజు గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంది. గిన్నెని సబ్బుతో రెండుసార్లు కడిగించింది, కొత్త రబ్బరు వేయించింది, సారా చుక్క తగలకూడదని. రెండు లీటర్ల నీళ్ళు, వంద గ్రాముల ఓమ. ముప్పావుగంటకి మొదటి బొట్టు రాలింది. వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "మన నెల్లూరు అంగట్లో దానికంటే ఘాటుగా ఉంది. ఇంకో సీసా పట్టు" అంది.