కదేనాలో 'ప్రశాంతమైన' గది

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావాకు వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా, కదేనాలోని అమెరికా వైమానిక స్థావరం పక్కన గది తీసుకోకండి. అక్కడి ముఖ్యపట్టణం నాహాలో మూడు రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రాత్రికి 'ప్రశాంత వాతావరణం' అన్న మాట నమ్మి 9,800 యెన్లు పెట్టి ఓ చిన్న లాడ్జిలో దిగాం. రాత్రి పదకొండింటికి నెత్తిమీదుగా యుద్ధవిమానం లేచింది. బల్లమీది గ్లాసులో నీళ్లు వణికాయి. వెనకే ఇంకోటి. మా ఆవిడ దుప్పటి ముసుగులోంచే "ఇదేనా మీ ప్రశాంతత?" అంది. మర్నాడు మధ్యాహ్నం దాకా అదే ఆఖరి మాట.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఎగరడం తగ్గించాలని 1996లో జపాన్, అమెరికా ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 'అవసరమైతే తప్ప' అనే మెలిక కూడా అందులోనే ఉంది.

పొద్దున్నే లాడ్జి పెద్దావిడ దగ్గర పంచాయితీ పెట్టా. నాలుగుసార్లు వంగి క్షమాపణ చెప్పింది, ఒక్క యెన్ తగ్గించలేదు. కిటికీకి రెండు పొరల అద్దాలు సర్కారే వేయించిందట, అయినా ఈ మోత! స్థావరం కంచె లోపల వాళ్ల నాన్న పొలం ఉంది, దానికి జపాన్ ప్రభుత్వం కౌలు కడుతుంది. స్థావరం పోవాలా, ఉండాలా అని అడిగితే "పొలం రావాలి, కౌలూ రావాలి" అని నవ్వేసింది. నా కోపం అక్కడే సగం చల్లారింది.

ఇదంతా తర్జుమా చేసింది టోక్యోలో ఉద్యోగం చేసే మా బావమరిది. "యుద్ధానికి దిగబోమని చెప్పే మా రాజ్యాంగం తొమ్మిదో అధికరణం మార్చాలా వద్దా అని మా ఆఫీసులోనూ వాదించుకుంటారు బావా. కాకపోతే ఈ మోత అక్కడిదాకా వినబడదు" అన్నాడు. జపాన్ నేలలో ఒకినావా 0.6 శాతం. అమెరికా సైన్యానికే ప్రత్యేకించిన భూమిలో దాదాపు 70 శాతం ఇక్కడే. ఒకినావాలోనే హెనోకో దగ్గర అమెరికాకు కొత్త స్థావరం కోసం సముద్రం పూడ్చడంపై 2019లో ఇక్కడి జనంతో ఓటింగ్ పెడితే ఓటేసినవాళ్లలో 72 శాతం వద్దన్నారు. పూడుస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం గోయా చాంపురూ, 850 యెన్లు. మన కాకరకాయే! తోఫూ, గుడ్డు, డబ్బా పందిమాంసం వేసి వేయిస్తారు. ఆ డబ్బాల అలవాటు రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్లతో వచ్చింది. మాంసం మానేసి చేయమంటే విసుక్కోకుండా చేశారు. "చేదు విరవడం రాదు వీళ్లకి" అంటూనే మా ఆవిడ రెండో ప్లేటు చెప్పింది. నాతో మాటలూ మొదలయ్యాయి.

ఇతోమాన్ శాంతి పార్కుకు సగం రోజైనా ఉంచుకోండి. మ్యూజియం టికెట్ 300 యెన్లు, బయట శిలాఫలకాలకు టికెట్ లేదు. ముఖ్యంగా 1945 ఒకినావా యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు 2,40,000కు పైగా చెక్కారు, అమెరికా సైనికులవి కూడా. ఒకచోట బావమరిది వేలు పెట్టి చదివాడు: 'ఫలానావారి పెద్ద కొడుకు'. ఆ పిల్లాడి పేరు చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. మా ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు. చివరికి అద్దె కారు అప్పజెప్పడం ఇరవై నిమిషాలు ఆలస్యమై 1,100 యెన్లు అదనంగా కట్టాం. ఆ డబ్బు గురించి మాత్రం ఎవరం గొణగలేదు.