డిగ్రీలో సెకండ్ లాంగ్వేజ్: తెలుగా, సంస్కృతమా, హిందీయా?

డిగ్రీలో మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏం తీసుకోవాలన్న దానిమీద ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ఆ టెన్షన్ ఇంకా పెరిగింది. సెకండ్ లాంగ్వేజ్ మాటెత్తితే మాత్రం "ఇంటర్‌లో ఏదుంటే అదే పెట్టెయ్యరా" అనేస్తారు. కాకినాడ నుంచి నరసాపురం దాకా ఇదే తంతు.

ఆ ఇంటర్‌లో ఉన్నది చాలామందికి సంస్కృతమే. మార్కులు సులువుగా పడతాయని. వందకి 98, 99 తెచ్చుకున్నవాళ్లు వీధికొకరుంటారు. వాళ్లలో దేవనాగరి తడుముకోకుండా చదివేవాళ్లెందరని మాత్రం అడక్కండి. ఎంట్రన్స్ కోచింగుల మధ్య ఆ లెక్క సరైనదే. డిగ్రీలో ఆ హడావుడి ఏముంది? పీజీ సీటు కోసం పీజీసెట్ రాసేది మన సబ్జెక్టులో. అక్కడ సెకండ్ లాంగ్వేజ్ మార్కులతో పనిలేదు. ఇంట్లో తాతగారి నోట అమరకోశం శ్లోకాలు వింటూ పెరిగిన కోనసీమ పిల్లలుంటే వాళ్ల సంగతి వేరు, నిక్షేపంగా తీసుకోవచ్చు.

హిందీకి డెల్టాలో ఈమధ్య గిరాకీ పెరిగింది. వరి నాట్లకి బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు, బేరసారాలు వచ్చీరాని హిందీలోనే. బ్యాంకు, రైల్వే ఉద్యోగాలైతే ఏ రాష్ట్రంలో పడేస్తారో తెలీదు. కానీ క్లాసులో ఉండేది కబీరు దోహాలూ, గద్యపాఠాలూ. మాట్లాడ్డం వాటితో రాదు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు మధ్యమ, రాష్ట్రభాష దాకా రాసినవాళ్లకి హాయి, మిగతావాళ్లకి బండచాకిరీ.

నా ఓటు తెలుగుకే. మన నన్నయ, మన రాజమహేంద్రవరం అన్న అభిమానంతో కాదు. 2020-21లో వచ్చిన సిలబస్ చూడండి: మొదటి సెమిస్టర్ ప్రాచీన కవిత్వం, రెండోది ఆధునిక సాహిత్యం, మూడోది సృజనాత్మక రచన. ప్రాచీన కవిత్వం అనగానే జడుసుకోనక్కర్లేదు. అందులో తిక్కన విరాటపర్వం నుంచి ధౌమ్యుడి ఉపదేశం ఉంది. అజ్ఞాతవాసానికి బయల్దేరిన పాండవులకి, రాజు కొలువులో ఎలా మసలుకోవాలో చెప్పే ఘట్టమది: మనకు తగిన చోటే కూర్చోవాలి, లోపలి గుట్టు బయటపెట్టకూడదు. ఏ ఆఫీసులో చేరినా మొదటి రోజు నుంచీ పనికొచ్చే పాఠం. పైగా గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు పేపర్ ఉంది. మార్కులు ర్యాంకుకి కలవవు, కానీ గట్టెక్కకపోతే ఇంటికే. పదో తరగతి తర్వాత తెలుగులో నాలుగు పేరాలు రాయనివాడు అక్కడ తెల్లమొహం వేస్తాడు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, సెకండ్ లాంగ్వేజ్‌గా చదివితే తెలుగు టీచర్ పోస్టుకి అర్హత రాదు.

సెకండ్ లాంగ్వేజ్‌తో పాటు ఎంచుకోవాల్సిన స్కిల్ కోర్సులకొస్తే, కాగితం మీద జాబితా చాంతాడంత ఉంటుంది, కాలేజీలో దొరికేవి రెండో మూడో. ఇన్సూరెన్స్ ప్రమోషన్, ప్లాంట్ నర్సరీ రెండూ ఉంటే కళ్లు మూసుకుని నర్సరీ పెట్టుకోండి. నర్సరీలకి పేరుమోసిన కడియం పక్కనే పెట్టుకుని గాలి అంటు పుస్తకంలో చదవడమేంటి? కొమ్మ బెరడు ఉంగరంలా ఒలిచి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టడం కడియపులంకలో ఏ నర్సరీకి వెళ్లినా దగ్గరుండి చూపిస్తారు.

కాలేజీలో తెలుగు లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే మాత్రం తెలుగు తీసుకోమని నేను చెప్పిందంతా పక్కన పెట్టేయండి. గైడు కొనుక్కుని ఎవరికి వాళ్లు చదువుకోవాల్సి వచ్చినప్పుడు, చేతిలో ఉన్న సంస్కృతమే నయం. ఫీజు కట్టకముందే ఓసారి స్టాఫ్ రూమ్‌లో కనుక్కోండి. భాష మార్చుకోవడానికి గడువెప్పటిదాకానో కూడా ఆఫీసులో అడిగి రండి.