లెస్లీ తిరుగుడు కోసం కొన్న ఆర్గాన్ సాఫ్ట్‌వేర్: చాలాకాలం వాడాక

హామండ్ బీ-3 అనే పాత ఎలక్ట్రిక్ ఆర్గాన్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నేళ్లుగా మా ఇంటి స్టూడియోలో వాడుతున్నాను. ప్రీసెట్లెన్ని, శబ్దపు రంగు మార్చే లాగుడు కడ్డీలైన డ్రాబార్లెన్ని అన్న వివరాలు అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయదలచింది అందులోని లెస్లీ స్పీకర్, అంటే లోపలి భాగాలు తిరుగుతూ ఆర్గాన్ శబ్దాన్ని వణికించే స్పీకర్ పెట్టె గురించి, ఇంకా చెప్పాలంటే అది నెమ్మది తిరుగుడు నుంచి వేగానికి మారే ఆ కొద్ది క్షణాల గురించి. దానికోసమే ఈ సాఫ్ట్‌వేర్ కొన్నాను, దానివల్లే ఇంకా కంప్యూటర్లో ఉంచుకున్నాను, నన్ను బాగా ఏడిపించింది కూడా అదే.

అమెరికా నల్లజాతీయుల చర్చిలలో పాడే ఒక గాస్పెల్ పాటకు, మా సంఘపు క్వయర్ ఈస్టర్ ఆరాధనలో పాడుకోవడానికి వీలుగా, వాద్యభాగమంతా మళ్లీ కట్టవలసి వచ్చింది. 12/8 లయలో నింపాదిగా నడిచే పాట. పియానో, బేస్, డ్రమ్స్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పాత రికార్డింగును, పాటలోని వాద్యాలను వేరుచేసే డీమక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో విడదీస్తే గాత్రం, డ్రమ్స్, బేస్ విడివిడిగా వచ్చాయి గానీ, ఆర్గాన్ మాత్రం పియానోతో కలిసి, మిగిలినవన్నీ పడే నాలుగో ట్రాకులోనే ఉండిపోయింది. కాబట్టి దాన్ని చెవితోనే పట్టుకోవాలి. శ్రద్ధగా వింటే ఆర్గానిస్టు వాయించే స్వరాలు ఎంత తక్కువో తెలుస్తుంది. పల్లవి మొదటి వరుసంతా ఒకే కార్డు నొక్కి పట్టుకుంటాడు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట కుడిచేత్తో చిన్న బిట్ వేస్తాడు. క్వయర్ అందుకోబోయే ముందు లెస్లీని వేగానికి మార్చి, పెడల్‌తో శబ్దం పెంచుతాడు. పాట లేచి నిలబడేది ఆ చివరి పనితోనే.

అసలు లెస్లీ పెట్టెలో పైన తిరిగే బాకాలాంటి హార్న్, కింద బేస్ స్పీకర్‌కు అనుబంధంగా తిరిగే డ్రమ్ము ఉంటాయి. సుమారు 800 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండుగా చీలి, హెచ్చు స్వరాలు హార్న్‌కూ మంద్ర స్వరాలు డ్రమ్ముకూ వెళ్తాయి. వేగంలో హార్న్ నిమిషానికి దాదాపు 400 చుట్లు తిరుగుతుంది. తేలికైన హార్న్ చప్పున వేగం అందుకుంటుంది, బరువైన డ్రమ్ము ఇంకో నాలుగైదు సెకన్లు వెనకబడి వస్తుంది. మామూలు కీబోర్డుల ఆర్గాన్ టోన్లలో నేను ఎన్నడూ వినని ఈ ఎడం ఇందులో స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి మూడు డ్రాబార్లనూ చిట్టచివరి దాన్నీ పూర్తిగా లాగి, కార్డు పట్టుకుని మాడ్యులేషన్ వీల్ పైకి నెడితే, ముందు పైస్వరాలు వణుకుతాయి, కాసేపటికి కింది స్వరాలు వచ్చి కలుస్తాయి. ఆ వరస విన్న మొదటి రాత్రి పాట పని పక్కనపెట్టి ఆ వీల్‌తోనే ఆడుకున్నాను. స్వరం మొదట్లో టక్కుమనే దెబ్బ చేర్చే పర్కషన్ స్విచ్ వేయగానే తొమ్మిదో డ్రాబార్ మూగబోయే అసలు వాద్యపు అవలక్షణాన్ని సైతం యథాతథంగా దించారు. లెస్లీ స్పీకర్ అంటే ఈ ఆర్గాన్‌కు పేరిచ్చిన హామండ్‌గారికే గిట్టేది కాదని అంటారు. గాస్పెల్ వాయించేవాళ్లు మాత్రం ఆర్గాన్‌నూ లెస్లీనీ విడదీయలేదు.

చిక్కు మిక్సింగ్ దగ్గర వచ్చింది. రెండో చరణం తరవాతి ఇంటర్‌లూడ్‌లో రెండు బార్లు సవరించి, ఆ ముక్కను మాత్రమే మళ్లీ ఆడియోగా తీసి పాతదానికి అతికించాను. అతుకు దగ్గరికి రాగానే ఆర్గాన్ ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి దూకింది. ఒక ముక్కను తగ్గిస్తూ రెండోదాన్ని పెంచే క్రాస్‌ఫేడ్‌ను పొడిగిస్తే ఆ దూకుడు పోయింది గానీ అక్కడ శబ్దం పలచబడింది. ఏ స్వరం ఎప్పుడు నొక్కానో దాచే మిడి మారలేదు, డ్రాబార్లు మారలేదు. సవరణ లేని ఒక ముక్కను రెండుసార్లు ఆడియోగా తీసి, ఒకదాని ఫేజ్ తిప్పి, అంటే తరంగాన్ని తలకిందులు చేసి కలిపి వింటే, రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసి నిశ్శబ్దం కావలసిన చోట ఆర్గాన్ వినిపించింది. ఇందులో తిరిగే భాగానికి, అంటే రోటార్‌కు, పాట ఎక్కడ మొదలవుతుందన్న పట్టింపు లేదు. అది తన మానాన తిరుగుతూనే ఉంటుంది, ప్లే నొక్కిన క్షణంలో హార్న్ ఎటు చూస్తుంటే శబ్దం అటునుంచి మొదలవుతుంది. నిజమైన పెట్టె కూడా అంతే అనుకోండి. అయినా ప్రాజెక్టు ఫైలు తెరిచిన ప్రతిసారీ నిన్నటి శబ్దమే రావాలని కోరుకోవడం అత్యాశ కాదు. రోటార్‌ను బార్ మొదటికి కట్టేసే వీలు ఒకటి పెట్టమని తయారీదారులకు రాస్తే, అసలు వాద్యంలాగే ఉండాలని కావాలనే అలా ఉంచామన్న సమాధానం వచ్చింది. వాదించి లాభం లేదనిపించి, ఎంత చిన్న సవరణ చేసినా ఆర్గాన్ ట్రాకును మొదలునుంచి చివరిదాకా ఒకే పట్టున తీసుకుంటున్నాను. తప్పనిసరిగా అతకాల్సి వస్తే, ఆర్గాన్ ఆగి డ్రమ్ రోల్ నడిచే చోట అతుకుతాను.

మొదట్లో అసలుకూ దీనికీ తేడా తెలియదని తోటి కీబోర్డిస్టులకు చెబుతుండేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు హెడ్‌ఫోన్ వరకే అంటున్నాను. మా మందిరంలో రెండు పక్కల స్పీకర్లకూ వెళ్లేది ఒకే మోనో సిగ్నల్. హార్న్‌కు చెరో పక్కన పెట్టిన రెండు మైకుల్లాంటి స్టీరియో శబ్దం మోనోలో కలిసినప్పుడు, ఒక పక్క పెరిగేది మరో పక్క తగ్గేదానితో సరిపోయి తిరుగుడు చాలావరకు చదునవుతుంది. రిహార్సల్లో మా క్వయర్ మాస్టారు ట్రాకు విని, “ఏమయ్యా, ఆర్గాన్ బదులు హార్మోనియం పెట్టావా?” అన్నారు. అప్పటినుంచి మందిరం కోసం ఒకే మైకు సెట్టింగుతో ఇంకో మిక్స్ విడిగా తీస్తున్నాను. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ట్యూబ్ ఆంప్ గొంతు బొంగురుపోయే ఆ గరుకుదనం కూడా ఇందులో కొంచెం మర్యాదగానే వస్తుంది.

ఇంత చెప్పినా నాకు వేరే దారి లేదు. 1974లో తయారీ ఆగిపోయిన బీ-3, బల్లా పెడళ్లతో కలిపి రెండు వందల కిలోలకు దగ్గరగా తూగుతుంది. మా రెండో అంతస్తు గదికి దాన్ని ఎక్కించే ఆలోచనే లేదు. పైగా స్వరాలు పుట్టించే చక్రాలను తిప్పే దాని మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది కాబట్టి, అమెరికా 60 హెర్ట్జ్ వాద్యాన్ని మన 50 హెర్ట్జ్ మీద అలాగే నడిపితే శ్రుతి మూడు అరస్వరాలకు పైగా దిగిపోతుంది. రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎక్కువగా నెమ్మది పాటలు చేసుకునే నాలాంటివాడికి పెట్టిన డబ్బు గిట్టుబాటైంది. ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికే అలవాటున్నవారికి ఇదే సలహా ఇవ్వలేను. ట్రయల్ వెర్షన్ దొరికితే, లెస్లీ వేగం మారే ఒకే ముక్కను రెండుసార్లు ఆడియోగా తీసి పోల్చి, మోనోలో కూడా విన్నాకే డబ్బు కట్టండి.