వర్చువల్ మెషీన్‌లో సీపీయూ టోపాలజీ: నాలుగేళ్లు వాడాక

నాలుగేళ్లుగా రైజెన్ 7 3700ఎక్స్ అనే ఏఎండీ ప్రాసెసర్ ఉన్న లైనక్స్ మెషీన్‌లో, కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే సదుపాయం) మీద విండోస్ 10 ప్రోను వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా, నడుపుతున్నాను. ఆ మెషీన్‌కు సాకెట్లు (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్లు), కోర్లు, కోర్‌కు థ్రెడ్లు (ఒక కోర్ ఒకేసారి నడిపే పని వరసలు) ఎన్నని చూపించాలో చెప్పేదే టోపాలజీ సెట్టింగ్. మొదట్లో దాని జోలికే వెళ్లలేదు. 8 వీసీపీయూలు (వర్చువల్ మెషీన్‌కు కనిపించే ప్రాసెసర్లు) ఇచ్చి టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండే కనిపించాయి. మనం ఏమీ చెప్పకపోతే లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఒక్కో వీసీపీయూను ఒక్కో సాకెట్‌గా చూపిస్తుంది. విండోస్ 10 ప్రో రెండు సాకెట్లకు మించి వాడదు. ఆ సెట్టింగులు మార్చే వర్ట్ మేనేజర్ ప్రోగ్రామ్‌లో సాకెట్ 1, కోర్లు 8 అని పెట్టాక ఎనిమిదీ వచ్చాయి. వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయాలి, లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే మార్పు అందదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. 4 కోర్లు, కోర్‌కు 2 థ్రెడ్లు అని మార్చి, వీసీపీయూలను పిన్ చేశాను, అంటే ఒక్కోదాన్ని అసలు ప్రాసెసర్‌లోని ఒక్కో థ్రెడ్‌కు కట్టేశాను. అయినా పెద్ద బిల్డ్ నడిచేటప్పుడు ఆడియో తెగేది, మౌస్ ఆగి ఆగి కదిలేది. వారాల తరబడి డ్రైవర్లనే అనుమానించాను. చివరికి ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌లో కోర్ నంబర్లు చూస్తే విషయం తేలింది. వర్చువల్ మెషీన్‌లో వీసీపీయూ 0, 1 ఒకే కోర్‌లోని రెండు థ్రెడ్లు. నా హోస్ట్‌లో (అసలు లైనక్స్ మెషీన్‌లో) అలాంటి జత 4, 5 కాదు, 4, 12. నేనేమో వరసగా 4, 5, 6, 7, ఆ తర్వాత 12, 13, 14, 15 అని పిన్ చేసుకుంటూ పోయాను. రెండు వేరు కోర్లను విండోస్ ఒకే కోర్ అనుకుంది, నిజంగా ఒకే కోర్‌ను పంచుకునేవాటిని వేరనుకుంది. విండోస్ పని పంచేది ఆ లెక్క చూసే కదా! 4–12, 5–13, 6–14, 7–15 అని జతలు సరిచేశాక ఆడియో తెగడం పోయింది. ఆ రోజు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను.

ఈ నాలుగు కోర్లనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ చిప్‌లో నాలుగేసి కోర్లకు 16 ఎంబీ చొప్పున ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) విడివిడిగా ఉంటుంది. వర్చువల్ మెషీన్ మొత్తం ఒకే నాలుగు కోర్ల గుంపులో ఉంటే డేటా అటూ ఇటూ తిరగదు. ఏఎండీ ప్రాసెసర్ వాడేవాళ్లు వర్చువల్ మెషీన్ సీపీయూ సెట్టింగుల్లో టోపోఎక్స్ట్ ఫీచర్ ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి, అది లేకపోతే థ్రెడ్లు గెస్ట్‌కు (వర్చువల్ మెషీన్‌లోని విండోస్‌కు) సరిగ్గా కనిపించవు. వర్చువల్ మెషీన్ కోసం హోస్ట్ చేసే పక్క పనులను, అంటే ఎమ్యులేటర్ థ్రెడ్లను, మిగిలిన కోర్లకు పంపాను.

టోపాలజీ మార్చినంత మాత్రాన వేగం పెరగదు. పిన్ చేయనప్పుడు థ్రెడ్లు 2 అని చెప్పడం కూడా నాకు నచ్చదు, హోస్ట్ వీసీపీయూలను ఎటైనా తిప్పుతుంది కాబట్టి ఆ మాట నిజం కాదు. అందుకే టెస్టింగ్ కోసం పెట్టుకున్న చిన్న లైనక్స్ మెషీన్లకు సాకెట్ 1, థ్రెడ్ 1 పెట్టి, కావలసినన్ని కోర్లు ఇచ్చి వదిలేస్తున్నాను.