టెలి మానస్ 14416: టెన్షన్‌కి తాగేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

టెన్షన్ తట్టుకోలేక తాగేవాళ్లు మందు మాన్పించే సెంటర్ గడప తొక్కరు. "నేనేమన్నా తాగుబోతునా?" అంటారు. టెలి మానస్ ఫోన్ లైను 14416కి మేం మంచి మార్కులు వేసేది అందుకే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఈ లైను మానసిక ఆరోగ్యం కోసం. నిద్ర పట్టట్లేదనో, గుండె దడగా ఉంటోందనో మాట మొదలుపెట్టొచ్చు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

"కొంచెమే తాగుతా" అంటే మాత్రం కౌన్సిలర్‌కి ఏమీ తెలియదు. లెక్క చెప్పాలి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం విస్కీ అయితే అందులో 60 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. ఎన్నేళ్లుగా తాగుతున్నారు, పొద్దున చేతులు వణుకుతాయా, మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, నిద్రమాత్రలు వేసుకుంటున్నారా, ఇవన్నీ చెప్పండి. కల్లు తాగితే అదీ దాచొద్దు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయజిపామ్ లాంటి మత్తు మాత్రల సరుకు కలుపుతారు. 2015లో తెలంగాణలో దాడులు జరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి ఎంతోమంది ఫిట్స్‌తో, మతి చలించి ఆస్పత్రుల్లో చేరారు.

తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ముందు వచ్చింది ఆందోళనా, తాగుడా? మందు మెదడులో నెమ్మదినిచ్చే గాబా పనిని పెంచి, ఉద్రేకపరిచే గ్లూటమేట్‌ని అణుస్తుంది. రోజూ తాగితే మెదడు దానికి అలవాటుపడి ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది. రాత్రి తాగింది దిగేసరికి తెల్లవారుజామున మెలకువ, దడ, చెమటలు. అది మందు తెచ్చిన ఆందోళనే. టెన్షన్ ఎక్కువైందనుకుని సాయంత్రం ఇంకో పెగ్గు పెంచుతారు, ముడి బిగుసుకునేది అక్కడే. మానేసి నాలుగు వారాలైనా ఆందోళన తగ్గకపోతే దానికి విడిగా వైద్యం కావాలి.

ఇక లోటు. రోజూ ఎక్కువ తాగేవాళ్లను ఫోన్లో మాన్పించలేరు, మాన్పించకూడదు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదకి రావచ్చు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా 108కి చేయండి. మిగతావాళ్లు మీ జిల్లాలో సైకియాట్రీ వార్డు ఏ ఆస్పత్రిలో ఉందో 14416లోనే అడిగి తెలుసుకోండి. అక్కడ తగ్గిస్తూ ఇచ్చే మాత్రలు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇంట్లో కుదిరేవి కావు.

ఇంట్లోవాళ్లు 14416కి ఫోన్ చేసినా కౌన్సిలర్లు మాట్లాడతారు. మందు మాన్పించే పొడి పేరుతో ఏదో కొని సాంబారులో కలిపే ముందు ఒక్కసారి చేయండి. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే ఔషధం) ఉంటే, తెలియక ఆ మనిషి తాగినప్పుడు వాంతులు, బీపీ పడిపోవడం, గుండెకే ముప్పు.