నెల్లూరులో జిమ్‌కు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టబోయేవారికి ఒక హెచ్చరిక

నెల్లూరు మినీ బైపాస్ రోడ్డులోని ఒక జిమ్‌లో నేను 2025 అక్టోబరు 10న వెబ్‌సైటు ద్వారా చేరాను. నా ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి పరికరాల మీద గానీ, ఓపికగా నేర్పించే శిక్షకురాలి మీద గానీ నాకు ఏ ఆరోపణా లేదు. నాకు నష్టం తెచ్చింది వాళ్ల వెబ్‌సైటే. చేరడానికి రెండు నిమిషాలు చాలే ఆ సైటులో, చేరినవాళ్లకు కావలసిన పని ఒక్కటీ సవ్యంగా జరగదు.

సైటు తెరవగానే ‘ఈ ధర మరో 14 నిమిషాలే’ అంటూ ఒక గడియారం వెనక్కి తిరుగుతుంది. నేను కంగారుపడి నెలకు 1,499 రూపాయల ప్యాకేజీ ఎంచుకున్నాను. మర్నాడు చూసినా ఆ గడియారం మళ్లీ 14 నుంచే మొదలైంది. చెల్లింపు పేజీలో లాకరుకు 199 రూపాయలని ముందే టిక్ పెట్టి ఉన్న సంగతి, దాని కింద లేత బూడిదరంగు అక్షరాల్లో ప్రతి నెలా ఖాతా నుంచి డబ్బు దానంతటదే తీసుకోవడానికి అనుమతి ఉన్న సంగతి నేను గమనించకుండానే యూపీఐ పిన్ కొట్టేశాను. అది నా తొందరపాటే, కాదనను. అయితే కొనేవారి సమ్మతిని ఇలా ముందే టిక్ పెట్టి తీసుకోకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

వేళల పట్టిక ఒక ఫొటోగా పెట్టారు. ఫోనులో దాన్ని రెండు వేళ్లతో సాగదీసి చదివి, మహిళల బ్యాచ్ ఉదయం 5.30కు అని నమ్మి వెళితే షట్టరు దించి ఉంది. ఆ బ్యాచ్ 6.30కు మారి చాలా రోజులైందని వాచ్‌మన్ చెప్పాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవలపై జీఎస్టీ 5 శాతానికి తగ్గినా, ధరల పేజీలో ఇప్పటికీ 18 శాతమనే ఉంది.

అసలు ఇబ్బంది నవంబరు చివర్లో మొదలైంది. కావలిలో మా నాన్నగారికి కంటి ఆపరేషన్ ఉండడంతో డిసెంబరు 5 నుంచి రెండు నెలలు సభ్యత్వాన్ని ఫ్రీజ్ చేయాలనుకున్నాను, అంటే డబ్బు పోకుండా తాత్కాలికంగా ఆపాలనుకున్నాను. ఆ దరఖాస్తులో అడిగే సభ్యత్వ సంఖ్య వేరే పేజీలో ఉంటుంది. అది చూసుకుని వెనక్కి వచ్చేసరికి అప్పటిదాకా నింపినదంతా చెరిగిపోతుంది. సంఖ్యను కాగితం మీద రాసుకుని మళ్లీ నింపి, తేదీ దగ్గర 05/12 అని కొడితే ‘గడిచిపోయిన తేదీ చెల్లదు’ అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ పెట్టె ముందు నెలను, తర్వాత రోజును తీసుకుంటుందని, నేను రాసింది దాని లెక్కలో మే 12 అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మన దేశంలో అలా తేదీ రాసేవారెవరో నాకు తెలియదు. తేదీ సరిచేశాక కూడా తెల్ల పేజీ వచ్చి ఆగిపోయిందే తప్ప, దరఖాస్తు అందిందో లేదో ఎక్కడా చెప్పలేదు.

రిసెప్షన్‌కు వెళ్లి అడిగితే, ‘‘ఆన్‌లైన్లో కట్టుండారు గదమ్మా, ఆన్‌లైన్లోనే చేసుకోవాల, మా చేతుల్లో ఏం లేదు’’ అన్నాడు అక్కడి కుర్రాడు. సైటులో రద్దు గురించి ఉన్న ఒకే ఒక్క వాక్యమేమో, స్వయంగా రిసెప్షన్‌కు వచ్చి రాసివ్వాలని చెబుతోంది.

డిసెంబరు, జనవరి 10వ తేదీల్లో 1,698 చొప్పున మొత్తం 3,396 రూపాయలు ఖాతా నుంచి పోయాయి. నెలనెలా ఇలా తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా సమాచారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ సందేశం నాకు వచ్చింది కూడా. కాకపోతే అందులో జిమ్ పేరు కాకుండా నేనెన్నడూ వినని ఒక కంపెనీ పేరు ఉండడంతో ఏదో ప్రకటన అనుకుని వదిలేశాను. చివరికి యూపీఐ యాప్‌లోనే ఆటోపే విభాగం తెరిచి, ఆ అనుమతిని రద్దు చేసి పిన్ కొడితే నిమిషంలో పని అయిపోయింది. ఇందుకు జిమ్ వాళ్ల దయ అక్కర్లేదని ముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దొంగ గడియారం, అడగని లాకరు, బయటికి దారిలేని సభ్యత్వం, ఈ మూడూ 2023 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మార్గదర్శకాలు నిషేధించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌లోకి, అంటే కొనేవారిని మభ్యపెట్టే వెబ్‌సైటు ఎత్తుగడల్లోకి వస్తాయి. ఫిర్యాదు తర్వాత ఒక నెల సొమ్ము వెనక్కి వచ్చింది; రెండో నెలది రావలసి ఉంది.

మీరు ఏ జిమ్‌లోనైనా చేరబోతుంటే, ఇప్పటికే సభ్యులుగా ఉన్నవారి ఫోను అడిగి, లాగిన్ అయ్యాక ఫ్రీజ్, రద్దు, వేళలు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. ఆ మీటలు కనిపించకపోతే కౌంటరులోనే ఒక నెలకు మాత్రం కట్టి రసీదు తీసుకోండి. ఆన్‌లైన్‌లో కట్టక తప్పకపోతే పిన్ కొట్టే ముందు తెరమీద ఉన్న మొత్తం, ఎన్నాళ్లకు అనుమతి ఇస్తున్నారన్నది చదివి, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

వేళలను ఫొటోగా కాకుండా అక్షరాల్లో పెట్టాలని, ఫ్రీజ్ దరఖాస్తు అందగానే ఎస్సెమ్మెస్ పంపాలని, చేరే మీట పక్కనే రద్దు మీట కూడా ఉంచాలని మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చాను. వారం తర్వాత చూస్తే తేదీ పెట్టె దగ్గర ‘నెల/రోజు’ అని చిన్నగా రాశారు. మిగిలినవి అలాగే ఉన్నాయి.